మైనస్ పన్నెండు

“నాలుగింటికి కోర్టు. మీ చేతిలో గంటా పది నిమిషాలుంది.” ఇన్‌స్పెక్టర్ తన గడియారాన్ని డిటెక్టివ్ ముక్కు దాకా తెచ్చి చూపించాడు. “అందులో పిల్లకి పాలివ్వడానికి పైనున్న ఆవిడకో పావుగంట తీసేయండి. మిగతాదంతా మీ తెలివితేటలకి వదిలేస్తున్నా.”

డిటెక్టివ్ తన గడియారం చూసుకుంది. “మీది మూడు నిమిషాలు ముందు పోతోంది. అరెస్టులు కూడా అలాగే చేస్తారా?”

“తప్పిపోయిన కుక్కపిల్లల్ని వెతికిపెట్టేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది లెండి.”

“కుక్కపిల్లలన్నీ దొరికాయండీ. మీ కేసులో నిజమే ఇంకా దొరకలేదు.”

మెట్ల దగ్గర నిలబడ్డ మేస్త్రి నవ్వబోయాడు. అంతలో పైగదిలోంచి పిల్ల ఏడుపు వినబడింది. నవ్వు మింగేసి తల దించుకున్నాడు.

జరిగింది మొన్న. ఊరవతల ట్రయల్ ట్రాక్ మీద, మధ్యాహ్నం మూడూ పన్నెండుకి, ఎర్ర స్పోర్ట్స్ కారు తిన్నటి దారిలో దూసుకుపోతుండగా ఇంజన్ ఒక్కసారి పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బండి రెండు చుట్లు తిరిగి గోడని కొట్టుకుంది. నడుపుతున్న డ్రైవరు అప్పట్నుంచి ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. షెడ్డు ఓనర్ అతని అన్న. ఆ ఇంజన్‌ని ట్యూన్ చేసింది ఆ డ్రైవరు భార్య. మొగుణ్ణి చంపబోయింది ఆ భార్యేనని ఇన్‌స్పెక్టర్ కాగితం మీద రాసేసుకున్నాడు. కాదని తేల్చిపెట్టమని ఇవాళ పొద్దున్నే డిటెక్టివ్ తలుపు తట్టినవాడు మేస్త్రి.

ఆ షెడ్డులోకి మామూలు బళ్ళు రావు. పిస్టన్లు పైకీ కిందకీ దంచే ఇంజన్లు కావక్కడివి. గుండ్రటి గూట్లో మూడు మూలల రోటర్ గిరగిరా తిరిగే రకం. ఇంజన్ ఎలాంటిదైనా దాని బుర్ర మాత్రం సీటు కింద, అరచేయంత అల్యూమినియం పెట్టెలో ఉంటుంది. ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలో ఆ పెట్టె చెప్తుంది. ఆ పెట్టెకి అంకెల పట్టికలు రాసిపెట్టేది ట్యూనర్. ఇక్కడ ఆ పని ఆమెది. పదో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యాక ఈ షెడ్డులోనే ల్యాప్‌టాప్ పట్టుకుని నేర్చుకుంది.

డిటెక్టివ్ మెట్లెక్కింది. వెనకే ఇన్‌స్పెక్టర్ బూట్లు టకటకలాడాయి.

పైగదిలో ఒక మంచం, ఒక బల్లఫ్యాన్, తీగ మీద ఆరేసిన చిన్న చిన్న బట్టలు. ట్యూనర్ గోడకి ఆనుకుని కూచుంది. ఒళ్ళో తొమ్మిది నెలల పిల్ల. తల్లి కళ్ళ కింద నలుపు చూస్తే రెండు రోజుల ఏడుపుది కాదనీ, నెలల తరబడి నిద్రలేనిదనీ ఇట్టే తెలిసిపోతోంది.

“మొన్న మధ్యాహ్నం చెప్పమ్మా,” అంది డిటెక్టివ్ నేల మీద చతికిలబడి. “నిమిషాలతో సహా.”

“ఒంటిగంటా యాభైకి ట్యూనింగ్ అయిపోయిందండి. ల్యాప్‌టాప్ కిందే బల్ల మీద వదిలేశాను, తీగ బండికే ఉంది. రెండింటికి పిల్ల లేచింది. పైకొచ్చాను. పాలిచ్చి, నిద్రపుచ్చి, రెండూ నలభైకి దిగాను.”

“సాక్ష్యం?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పిల్లే.”

“సాక్షికి ఇంకా పళ్ళు రాలేదు మరి.”

“రెండొచ్చాయి. కావాలంటే వేలు పెట్టి చూడండి,” అంది ట్యూనర్. నిద్రలేని మనిషికి ఎక్కణ్ణుంచో ఒక్క క్షణం పౌరుషం వచ్చి, వెంటనే ఆరిపోయింది.

“ఆ రోజు పొద్దున గొడవపడ్డారట కదమ్మా?”

“పడ్డాం.”

“పక్క టైర్ల కొట్టువాడు విన్నాడు,” ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పుస్తకం తీసి చదివాడు. “‘నీ బండీ నువ్వూ కలిసి పొండి, నాకొద్దు.’ అవునా కాదా?”

“అన్నానండి. నెల రోజులు ఇంట్లో పడుకో, ట్యూనింగ్ నేను చూసుకుంటానన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. కొత్త పెట్టె వచ్చి నాలుగు నెలలైతే ఒక్క రోజు దాని పుస్తకం తిరగేసిన మనిషి కాదు, ఆయన చూసుకుంటారట! అందుకన్నాను.”

“ఒళ్ళు మండటానికి కారణం అదొక్కటేనా?”

ట్యూనర్ పిల్ల జుట్టు నిమిరింది. “ముందు వారం ఒక తప్పు చేశానండి. నిద్రమత్తులో పెట్రోలు పట్టికలో ఒక వరస అంకెలు ఒక గడి పక్కకి రాసేశాను. ఆయనే పట్టుకున్నారు. తిట్టలేదు. నా మొహం చూసి, పోనీలే అన్నారు. ఆ పోనీలేకన్నా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.”

“నువ్వు పైనున్నప్పుడు బండి పెట్టెలో అంకెలు మార్చగలిగినవాళ్ళెవరు?”

అంతవరకూ టకటకా జవాబులు చెప్పిన మనిషి పిల్ల మేజోడు సర్దసాగింది. సరిగ్గా ఉన్న మేజోడుని లాగి, మళ్ళీ తొడిగింది.

“తెలీదండి,” అంది మేజోడు వైపే చూస్తూ.

డిటెక్టివ్ ఆ మేజోడుని మనసులో రాసుకుని లేచింది.

కింద షెడ్డులో, చక్రాల కింద రోలర్లు తిరిగే పరీక్ష గుంట ఒక మూలన ఉంది. దాని పక్కన ఇనప బల్ల. బల్ల మీద గుడ్డ పరిచి, ముక్కలైన ఇంజన్ భాగాలు వరసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రి వాటి దగ్గర, శవం పక్కన కాపలా ఉన్నవాడిలా నిలబడ్డాడు.

“నాకు అర్థమయ్యేట్టు చెప్పండి మేస్త్రీ. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.”

“ఇదిగోనమ్మా, రోటర్ మూల. ఈ గాడిలో సన్నటి పట్టీ ఉంటుంది. గూటి గోడని రాసుకుంటూ తిరుగుతుంది. అది పగిలి ముక్కలు లోపల పడ్డాయి. రోటర్‌కీ గోడకీ మధ్య ఇరుక్కున్నాయి. ఇంకేముంది, పట్టేసింది.”

“పట్టీ ఎందుకు పగిలింది?”

“ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులుంటాయమ్మా. ముందుదాన్ని మేం అన్న అంటాం. వెనకదాన్ని తమ్ముడంటాం. అన్న ముందు వెలగాలి. కాస్త ఆగి తమ్ముడు వెలగాలి. ఆ ఎడాన్నే స్ప్లిట్ అంటారు, పది డిగ్రీలో పన్నెండో. తమ్ముడు ముందు వెలిగాడనుకో, మంట రోటర్‌కి ఎదురొస్తుంది. మెల్లగా పోతే ఏమీ కాదు. కాలు నొక్కి తొక్కితే మాత్రం నిమిషం పట్టదు.”

“మొన్న తమ్ముడు ముందు వెలిగాడా?”

“వెలిగాడనే అంటున్నారు వీళ్ళ నిపుణులు.”

“అనడం కాదు,” ఇన్‌స్పెక్టర్ ఫైలు బల్ల మీద పడేశాడు. ఇనప ముక్కలు ఘల్లుమన్నాయి. మేస్త్రి రెండు చేతులూ వాటి మీద అడ్డం పెట్టాడు. “వినండి డిటెక్టివ్ గారూ. రెండు గంటల పదిహేడు నిమిషాలకి ఆవిడ ల్యాప్‌టాప్ నుంచి బండి పెట్టెలోకి కొత్త పట్టిక వెళ్ళింది. అందులో స్ప్లిట్ అంకెలన్నీ మైనస్‌లో ఉన్నాయి. మా నిపుణుడి మాట చదువుతా. ‘ఈ పెట్టెలో ప్లస్ పన్నెండు అంటే వెనక ప్లగ్గు పన్నెండు డిగ్రీల తర్వాత వెలుగుతుంది. మైనస్ పన్నెండు అంటే పన్నెండు డిగ్రీల ముందే వెలుగుతుంది. ఈ సంగతి తెలిసినవారే ఇంజన్‌ని ఇలా పేల్చగలరు.’ తెలిసినవారు ఎవరు? ఆవిడొక్కతే.”

“ఆ రెండూ పదిహేడుకి షెడ్డులో ఉన్నదెవరు?”

“మేస్త్రి భోజనానికి ఇంటికెళ్ళాడు. ఓనర్ ముందు గదిలో ఫోన్‌లో ఉన్నాడు, రెండింటి నుంచి మూడింటికి పది నిమిషాల ముందు దాకా, ఫోన్ రికార్డు తెప్పించాను. మిగిలింది మొగుడూ పెళ్ళాలు. మొగుడు తన చావు తానే టైపు చేసుకోడుగా!” ఇన్‌స్పెక్టర్ తన మాటకి తానే ముచ్చటపడ్డాడు. “పైగా ఇంకొకటి. ఈ షెడ్డులో అచ్చం అలాంటి బండే నీలం రంగుది ఇంకోటుంది. అదే ఇంజను, అదే పెట్టె, ఆవిడ చేతి ట్యూనింగే. మూడున్నరకి అదే ట్రాక్ మీద, అదే వేగంతో తోలిస్తున్నాను. ఓనరే తోలతానన్నాడు, తమ్ముడి కోసం. అది క్షేమంగా తిరిగొస్తే ఎర్ర బండికి ఆవిడ కావాలనే చేసినట్టు. జడ్జిగారికి వీడియోతో సహా ఇస్తా.”

టైము మూడూ ఐదు.

“చరిత్ర కాగితం చూడొచ్చా?” అంది డిటెక్టివ్. “ఏ అంకె ఎప్పుడు మారిందో ల్యాప్‌టాప్ రాసి పెట్టుకుంటుందటగా.”

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం దయతలచినట్టు జరిపాడు. డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుని వేలితో వరసలు లెక్కపెట్టింది. నలభై రెండు గళ్ళు. మొదటిది రెండూ ఆరుకి మారింది. చివరిది రెండూ పదహారుకి. పది ఉన్నచోట మైనస్ పది. పన్నెండు ఉన్నచోట మైనస్ పన్నెండు. పదిహేను ఉన్నచోట మైనస్ పదిహేను. ఏ అంకే మారలేదు. ప్రతి అంకె ముందూ ఒక గీత మాత్రం వచ్చి కూచుంది.

“మేస్త్రీ, ఆ అమ్మాయి పట్టిక మొత్తానికి గుర్తు మార్చాలంటే ఎలా మారుస్తుంది? ఎప్పుడైనా చూశారా?”

“రోజూ చూస్తానమ్మా. గళ్ళన్నీ వేలితో ఒక్క లాగు లాగి, టక్కుమని ఒకటి నొక్కుతుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.”

“ఇక్కడ ఒక్కో గడే, ఒక్కో గడే కొట్టారు. పది నిమిషాలు పట్టింది.” డిటెక్టివ్ కాగితం ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పింది. “ఇంజన్ పేల్చాలనుకున్నవాళ్ళు నలభై రెండు అంకెల్నీ ఇంత జాగ్రత్తగా కాపాడతారా? ఎవరో దిద్దారండీ ఇది. స్కూలు పిల్లల నోట్సు దిద్దినట్టు.”

“దిద్దటమేంటి? తప్పుని కదా రాసింది!”

“రాసినవాళ్ళకి అది ఒప్పు. మేస్త్రీ, ఈ కొత్త పెట్టెకి ముందు ఏ పెట్టె వాడేవారు?”

మేస్త్రి అటక మీంచి దుమ్ము పట్టిన పాత పెట్టె దింపాడు. దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన నూనె మరకల నోటు పుస్తకం కూడా ఉంది. అక్షరాలు గుండ్రంగా, ఓపిగ్గా ఉన్నాయి. స్ప్లిట్ అని రాసిన ప్రతి చోటా: మైనస్ పది, మైనస్ పన్నెండు, మైనస్ పదిహేను.

“పాత పెట్టెలో మైనస్ అంటే తర్వాత అన్నమాట,” అంది డిటెక్టివ్ మెల్లగా. “అది కొట్టి కొట్టి అలవాటైన కంటికి ప్లస్ పన్నెండు కనబడితే గుండె జారిపోదూ? ఈ రాత ఎవరిది?”

మేస్త్రి పుస్తకం అంచు మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు. చెప్పకపోయినా అర్థమైంది. పదేళ్ళు ఆ పాత పెట్టె మీద పనిచేసినవాడు, కొత్తది వచ్చాక కీబోర్డు భార్యకి అప్పగించి స్టీరింగ్ పట్టుకున్నవాడు ఒక్కడే.

“ఏంటి మీరనేది?” ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది. “ఆస్పత్రిలో పడున్న మనిషే దోషా? బాగుంది! పేషెంటు మాట్లాడలేడు కాబట్టి అన్నీ వాడి నెత్తినే రుద్దేద్దామా?”

“రుద్దట్లేదు. పెళ్ళాం నిద్రలేక మళ్ళీ తప్పు రాసిందనుకున్నాడు. పొద్దునే ఒకసారి నోరు జారి గొడవైంది. మళ్ళీ చెప్పి నొప్పించడం ఎందుకని, ఆమె పైకెళ్ళగానే గుట్టుగా కూచుని దిద్దాడు. ఆనక ఆ బండే తోలుకుని వెళ్ళాడు.”

“కథ బాగుంది. సాక్షి ఎవరు? ఈసారి పిల్ల కూడా లేదు.”

డిటెక్టివ్ కాగితం అట్టడుగు వరస మీద వేలు పెట్టింది. అదే రోజు, ప్రమాదం జరిగిన గంటన్నరకి, నాలుగూ నలభై ఎనిమిదికి ఎవరో ల్యాప్‌టాప్ తెరిచి పాత పట్టికనీ కొత్త పట్టికనీ పక్కపక్కన పెట్టి చూశారు. పోలీసులు ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళింది ఆరింటికి.

“ఆ టైముకి షెడ్డుకి వచ్చిందెవరు మేస్త్రీ?”

“అమ్మాయేనమ్మా. పిల్ల బట్టల కోసమని ఆస్పత్రి నుంచి వచ్చి, అరగంటుండి వెళ్ళింది.”

డిటెక్టివ్ రెండేసి మెట్లు ఎక్కడం ఆ వయసులో అదే మొదటిసారి. పైగదిలో పిల్ల నిద్రపోతోంది. ట్యూనర్ నిద్రపోవడం లేదు.

“నీకు మొన్నే తెలుసు,” అంది డిటెక్టివ్ ఊపిరి తీసుకుంటూ. “ఆ గీతలు చూడగానే ఎవరి చెయ్యో తెలిసిపోయింది. ఎందుకు చెప్పలేదు?”

“మీరేమంటున్నారో నాకు తెలీదు.”

“మేజోడు వదిలెయ్యమ్మా. చిరిగిపోతుంది.”

ట్యూనర్ చేతులు ఆగిపోయాయి. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్‌ని చూసి గొంతు తగ్గించింది. “ఆయన కళ్ళు తెరుస్తారండి. డాక్టరు చెప్పారు. కళ్ళు తెరిచి మొదట వినే మాట ఇదా? వాళ్ళన్నయ్యకి ఆయనంటే చిన్నప్పట్నుంచీ లెక్కలేదు. ఏం చేసినా చెడగొడతాడంటారు. అందుకే కదా పదేళ్ళూ అంత జాగ్రత్తగా రాసుకున్నారు. ఇప్పుడు తన చేత్తోనే తన బండి...” మాట మింగేసింది. “నేను చేశానని అనను. చేయలేదు కాబట్టి. కానీ ఆయన చేశారని నా నోట రాదు. కోర్టుకి తీసుకెళ్తే తీసుకెళ్ళనివ్వండి. పిల్లని మా అక్క చూస్తుంది.”

“పాలు తాగే పిల్లని?”

ఆమె మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. పిల్ల లేస్తుందని కాబోలు.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి అతని దగ్గర వెటకారం దొరకలేదు. “ఇది సాక్ష్యం కాదు,” అన్నాడు నెమ్మదిగా. “నాకు కాగితం కావాలి.”

“కాగితం మీ దగ్గరే ఉంది. ఒకటే ఎందుకుంది?” డిటెక్టివ్ చెయ్యి చాపింది. “ఎర్ర బండి పెట్టెది మాత్రమే తీయించారు. ల్యాప్‌టాప్‌లో ఆ రోజు ఇంకేం జరిగిందో చూశారా?”

“ఎర్ర బండి కేసులో ఎర్ర బండే కదా చూస్తాం!”

ల్యాప్‌టాప్ బయట జీపులో, సీలు వేసిన సంచిలో ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆలోచించి, కానిస్టేబుల్‌ని కేకేసి తెప్పించాడు. సీలు తానే తెంపాడు. తెర ముందు ట్యూనర్‌ని కూచోబెట్టారు. ఆమె వేళ్ళు అలవాటుగా పరిగెత్తాయి. ఎర్ర బండి పేరు పక్కన మొన్నటి తేదీ వచ్చింది. దాని కింద ఇంకో పేరు, అదే తేదీ.

రెండు గంటల ముప్పై ఒక్క నిమిషం. నలభై రెండు గళ్ళు. నీలం బండి.

“ఒకటి దిద్ది ఊరుకోలేదు,” అంది డిటెక్టివ్. “రెండోదీ నువ్వే చేశావు కదా. అందులోనూ తప్పుంటుందని...”

ట్యూనర్ తెర కేసి చూస్తూ ఉండిపోయింది. “నేను ఎర్రదొక్కటే చూశాను ఆ రోజు. ఎర్రదొక్కటే.” చివాలున లేచింది. “నీలం బండి ఎక్కడుంది? ఎవరూ తీయలేదు కదా? బావగారు దాన్ని బయటికి తీయరు కదా?”

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోన్ లాగాడు. డిటెక్టివ్ గడియారం చూసింది. మూడూ ఇరవై ఎనిమిది.

ట్యూనర్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. ఒక్కసారి మోగి తెగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తెగింది. “నా ఫోన్ ఎత్తరు,” అంది. “మొన్నట్నుంచీ ఎత్తట్లేదు. తమ్ముణ్ణి చంపబోయానని.”

ఇన్‌స్పెక్టర్ ట్రాక్ దగ్గరున్న కానిస్టేబుల్‌కి కొట్టాడు. స్పీకర్‌లో గాలి హోరు. “సార్! బయల్దేరిపోయారు సార్! పొద్దున మీ గడియారంతో కలుపుకున్న నా వాచీలో మూడున్నర అయిందని నేనే జెండా ఊపాను సార్. ఫస్ట్ రౌండ్ మెల్లగా తిరిగారు. ఇప్పుడు తిన్నటి దారికొస్తున్నారు.”

“ఆపు! అడ్డం పరిగెత్తు!”

“అంత దూరం ఎలా సార్...”

ఇన్‌స్పెక్టర్ ఆ మాట పూర్తి కానివ్వకుండా ఓనర్ నంబరు నొక్కాడు. వీడియో తీయమని ఆ ఫోన్ని డ్యాష్‌బోర్డు మీద బిగించమన్నది తనే. ఒకటి. రెండు. మూడో మోతకి ఎత్తాడు.

“చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ!” అరుపు. వెనక ఇంజన్ మోత. పిస్టన్ బళ్ళకుండే దడదడ లేదందులో. తేనెటీగల గుంపు బిందెలో ఇరుక్కున్నట్టు ఒకటే పొడుగాటి రొద, క్షణక్షణానికీ పైకి పాకుతూ.

ట్యూనర్ ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “బావగారూ, కాలు తీయండి!”

“నువ్వా?” రొదలోనే అతని గొంతు మారిపోయింది. “ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లోంచి కూడానా? ఇవాళ తేలిపోతుంది నీ సంగతి. నీ పనితనం అందరికీ చూపిస్తా.”

“స్ప్లిట్ తిరగబడింది బావగారూ, ఆ బండిలో కూడా. దయచేసి కాలు తీయండి.”

“తిరగేసింది నువ్వేగా!” రొద ఇంకో మెట్టెక్కింది.

మంచం మీద పిల్ల లేచి ఏడవడం మొదలెట్టింది. డిటెక్టివ్ తీసుకుని భుజాన వేసుకుంది. ట్యూనర్ పిల్ల వైపు చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండు రోజులుగా పళ్ళ వెనక పెట్టుకున్న మాట, పోలీసు ముందు, బావగారి చెవిలో, గట్టిగా బయటికొచ్చింది.

“నేను కాదు! ఆయనే! మీ తమ్ముడే మార్చారు! నేను తప్పు రాశాననుకుని రెండు బళ్ళూ ఆయనే దిద్దారు. పాత పెట్టె గుర్తులు పెట్టారు, మైనస్‌లు పెట్టారు. మీ తమ్ముడి మీద ఒట్టు బావగారూ, కాలు తీయండి!”

అవతల రొద ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ మంచం మీద ఆనించి ఫోన్ వైపు వంగాడు. మేస్త్రి ఎప్పుడొచ్చాడో, గుమ్మం పట్టుకుని నిలబడి తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లని అలాగే వింటున్నాడతను.

“మైనస్‌లా?” అన్నాడు ఓనర్ ఆఖరికి. ఆ గొంతులో కోపం లేదు. “వాడి నోటు పుస్తకంలో ఉన్నట్టా?”

“అచ్చం అలాగే.”

ఫోన్‌లో టప్పుమని ఏదో చప్పుడైంది. వెంటనే రొద తెగిపోయింది.

“మేస్త్రీ,” అంది ట్యూనర్ ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని. “ఇంజన్ ఆయన ఆపారా? అదే ఆగిందా?”

మేస్త్రి ఇంకా తల వంచి వింటూనే ఉన్నాడు. ఫోన్‌లోంచి గాలి చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదు.